ఆర్కిటిక్ నది మీద 102 రోజులు – అలెగ్జాండర్ మెకంజీ జీవితం



మన వార్షికోత్సవ సంచిక తెరిస్తే అంబేద్కర్ గారి జీవితం, ఫూలే దంపతుల జీవితం తప్పకుండా కనిపిస్తాయి. కనిపించాల్సిందే. వాటిని నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని ఈసారి నేను అట్లాసులో పైఅంచున ఉండే ఒక నది గురించి, ఆ నదికి పేరైన మనిషి గురించి రాస్తున్నాను. కెనడా పటం తీసి చూడండి. గ్రేట్ స్లేవ్ సరస్సు నుంచి ఒక నీలిగీత ముందు పడమరకు, తర్వాత ఉత్తరానికి తిరిగి ఆర్కిటిక్ మహాసముద్రంలో కలుస్తుంది. అదే మెకంజీ నది. సరస్సు దగ్గర మొదలుకొని దాని పొడవు 1738 కిలోమీటర్లు. మన గోదావరి నాసిక్ దగ్గర పుట్టి సముద్రంలో కలిసేదాకా 1465 కిలోమీటర్లే. ఉపనదులన్నీ కలుపుకొని లెక్కిస్తే ఆ నదీవ్యవస్థ 4241 కిలోమీటర్లు. మన చిట్యాల 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంటే, ఆ నది సముద్రంలో కలిసే చోటు 69 డిగ్రీల దగ్గర. అక్కడ ఎండాకాలంలో సూర్యుడు కొన్ని వారాలపాటు అస్తమించడు. చలికాలంలో కొన్ని వారాలపాటు ఉదయించడు.

1789లో అలెగ్జాండర్ మెకంజీ అనే పాతికేళ్ల యువకుడు బెరడుతో చేసిన పడవలో ఆ నది మొదటి నుంచి చివరిదాకా వెళ్లి తిరిగివచ్చాడు. ఆ నదిని యూరప్ వాళ్లకు తెలిపినవాడు కాబట్టి నదికి ఆయన పేరే పెట్టారు. అయితే నది అంతకుముందే ఉంది. దాని ఒడ్డున వేల ఏళ్లుగా మనుషులు బతుకుతున్నారు. వాళ్లు దానిని దెహ్ చో అంటారు, పెద్ద నది అని అర్థం. మెకంజీకి దారి చూపింది, వేటాడి తిండి పెట్టింది, చెప్పులు కుట్టింది అంతా అక్కడి వాళ్లే. ఎం.ఏ. చరిత్రలో ప్రపంచ అన్వేషణల గురించి చదువుతున్నప్పుడు నాకు మెకంజీ కంటే ఆ పడవల్లో ఉన్న మిగతా పన్నెండు మంది మీదికే ఎక్కువ మనసు పోయింది. అయినా పెద్దల జీవితాలు రాసే పద్ధతిలోనే ఆయన పుట్టుక దగ్గర మొదలుపెడతాను.

మెకంజీ 1764లో స్కాట్లాండ్‌కు పడమరగా ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే రేవు ఊరి దగ్గర పుట్టాడు. చిన్నతనంలోనే తల్లి పోయింది. అక్కడ పంటలు లేక, కౌళ్లు కట్టలేక జనం ఓడలెక్కి అమెరికాకు వలస పోతున్న కాలం అది. మన దగ్గరి నుంచి బొంబాయికి, భీవండికి, దుబాయికి పోయినట్టే అనుకోండి. 1774లో పదేళ్ల పిల్లవాణ్ని తీసుకుని తండ్రి న్యూయార్క్ చేరాడు. మరుసటి ఏడే అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. తండ్రి బ్రిటిష్ రాజు పక్షాన సైన్యంలో చేరి 1780లో చనిపోయాడు. అంతకుముందే 1778లో పిల్లవాణ్ని భద్రంగా ఉంటాడని మాంట్రియల్‌కు పంపించారు. అక్కడ కొద్దికాలం బడికి పోయాడు. పదిహేనేళ్లకే చదువు ఆపి, తోళ్ల వ్యాపారం చేసే ఒక కంపెనీ లెక్కల గదిలో కుదిరాడు. అయిదేళ్లు చిట్టాలు రాశాడు.

ఈ తోళ్ల వ్యాపారం సంగతి కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే ఆ యాత్ర ఎందుకు జరిగిందో అర్థం కాదు. బీవర్ అని ఒక నీటి జంతువు ఉంటుంది. దాని మెత్తటి బొచ్చుతో యూరప్ దొరలు టోపీలు చేయించుకునేవారు. ఆ టోపీల కోసం కెనడా అడవులన్నీ గాలించారు. అక్కడి ఆదివాసులు జంతువులను పట్టి తోళ్లు తెచ్చేవారు. కంపెనీలు వాటికి బదులుగా తుపాకులు, కత్తులు, కుండలు, కంబళ్లు, పొగాకు, సారా ఇచ్చేవి. సారా ఇచ్చి సరుకు తీసుకునే పద్ధతి ఏమిటో మన తాతలకు వివరించి చెప్పాల్సిన పని లేదు. దగ్గరి అడవుల్లో జంతువులు తరిగిపోయేకొద్దీ కంపెనీలు ఇంకా దూరం, ఇంకా ఉత్తరానికి పోయాయి. సరుకంతా తూర్పున మాంట్రియల్ దాకా పడవల మీద మోయాలంటే నెలలు పట్టేది. పడమర వైపు పసిఫిక్ సముద్రానికి ఒక నది దొరికితే అక్కడి నుంచే ఓడలకు ఎక్కించవచ్చు, చైనాకు అమ్ముకోవచ్చు. ఆ దారి ఎవరికి ముందు దొరికితే వ్యాపారం వాళ్లది. కాబట్టి ఆ యాత్ర మొదలు భూగోళ శాస్త్రం మీద ప్రేమ కాదు, వ్యాపారం.

మెకంజీ చురుకైనవాడు. 1785 నాటికే కంపెనీలో వాటాదారుడయ్యాడు. 1787లో అతడి కంపెనీ నార్త్ వెస్ట్ కంపెనీలో కలిసింది. అతణ్ని చాలా దూరాన ఉన్న అథబాస్కా ప్రాంతానికి పంపారు. అక్కడ అప్పటికే పీటర్ పాండ్ అనే ముసలి వ్యాపారి ఉండేవాడు. ఆదివాసులు చెప్పినవి విని ఆయన ఒక పటం గీశాడు. గ్రేట్ స్లేవ్ సరస్సు నుంచి బయటికి పోయే పెద్ద నది పడమరకు పారి పసిఫిక్‌లో కలుస్తుందని ఆయన నమ్మకం. ఆ ప్రాంతాన్ని ఆయన పటంలో ఉండాల్సిన చోటి కంటే చాలా పడమరకు జరిపి గీశాడు. అందువల్ల సముద్రం దగ్గరలోనే ఉందనిపించింది. మెకంజీ ఆ మాట నమ్మి బయలుదేరాడు.

1789 జూన్ 3. ఫోర్ట్ చిపెవ్యాన్ నుంచి పడవలు కదిలాయి. మెకంజీ పడవలో ఫ్రెంచి కెనడియన్ తెడ్లవాళ్లు నలుగురు – ఫ్రాన్సువా బారియో, షార్ల్ డ్యూసెట్, జోసెఫ్ లాండ్రీ, పియర్ దె లోర్మ్. వాళ్లలో ఇద్దరి భార్యలు కూడా ఎక్కారు. జాన్ స్టైన్‌బ్రుక్ అనే జర్మన్ ఒకడు. ఇంకో చిన్న పడవలో నెస్టబెక్, అతడి ఇద్దరు భార్యలు. మూడో పడవలో ఇద్దరు ఆదివాసీ యువకులు. మొత్తం పదమూడు మంది. సరస్సు దాకా వ్యాపారం సరుకుతో మరో పడవ తోడు వచ్చింది. మెకంజీ దినచర్య పుస్తకంలో తెడ్లవాళ్ల పేర్లు ఉన్నాయి. నలుగురు ఆడవాళ్ల పేర్లు లేవు. ఆ యువకుల పేర్లూ లేవు. నెస్టబెక్‌ను కూడా ఎక్కువ చోట్ల ఇంగ్లిష్ చీఫ్ అనే రాశాడు.

నెస్టబెక్ ఎవరు? చిపెవ్యాన్ అనే డెనె జాతి నాయకుడు. హడ్సన్ అఖాతం ఒడ్డున ఇంగ్లిష్ వాళ్ల కోటకు తోళ్లు తీసుకుపోయి వ్యాపారం చేసేవాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. అంతకుముందు మతోనబ్బీ అనే గొప్ప నాయకుడి అనుచరుడు. ఆ మతోనబ్బీయే 1770 – 72లో శామ్యూల్ హెర్న్ అనే ఇంగ్లిష్ యువకుణ్ని నడిపించుకుని కాపర్‌మైన్ నది మీదుగా ఆర్కిటిక్ సముద్రం చూపించినవాడు. అంటే మెకంజీ వెతకబోయే ఉత్తర సముద్రం గురించి ఆ పడవల్లో ముందే తెలిసినవాడు నెస్టబెక్. వేటగాడు, దుబాసీ, దారి చూపేవాడు – మూడు పనులూ అతడివే. ఒక విషయం గమనించండి. 1781 – 82 చలికాలంలో మశూచి వచ్చి డెనె జనంలో ఎక్కువమందిని తుడిచిపెట్టింది. అలాంటి ఊచకోత తర్వాత మిగిలినవాళ్లలో ఒకడు ఈ నెస్టబెక్.

పడవ గురించి చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు. మనం కాళేశ్వరం దగ్గర చూసే నాటు పడవ చెక్కతో చేసింది, బరువు. వాళ్లది బిర్చ్ చెట్టు బెరడుతో చేసింది. బెరడు పరిచి, చెట్టు వేళ్లను చీల్చిన నారతో కుట్టి, పలచని దేవదారు బద్దలు లోపల పక్కటెముకల్లా అమరుస్తారు. కుట్ల మీద చెట్టు జిగురు కరిగించి పూస్తారు. మెకంజీ 1793లో వాడిన పడవ 25 అడుగుల పొడవు. పదిమంది మనుషులు, కుక్క, 1360 కిలోల దాకా సామాను అందులో పట్టాయి. అంత మోసే పడవను ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని అయిదారు కిలోమీటర్లు ఆగకుండా నడవగలిగేవారట. రాయి తగిలితే చిరుగుతుంది, కానీ అడవిలో బెరడు, నార, జిగురు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి సాయంత్రం దిగి బాగుచేసుకోవచ్చు. నీళ్లు ఉరవడిగా దూకే చోట పడవను, సరుకును ఒడ్డెక్కించి మోయాలి. ఒక్కో మూట 40 కిలోలు. మనిషికి రెండేసి మూటలు, నొసటికి పట్టీ కట్టుకుని వీపు మీద మోసేవారు. మన దగ్గర బస్తాలు మోసే హమాలీలు చదివితే ఇదేం పెద్ద విశేషం అంటారేమో.

జూన్ 9న గ్రేట్ స్లేవ్ సరస్సు చేరారు. జూన్ నెలలో కూడా సరస్సు గడ్డకట్టి ఉంది. మంచు విడిపోయేదాకా ఎదురుచూస్తూ, వలలు వేసి చేపలు పట్టుకుంటూ, దోమలతో వేగుతూ అక్కడక్కడే తిరిగారు. చలి దేశంలో దోమలేమిటి అనుకోకండి, అక్కడి ఎండాకాలపు దోమలు మన వానాకాలపు దోమలకు తాతలు. చివరకు జూన్ 29న నదిలో ప్రవేశించారు.

మొదట కొన్ని రోజులు నది పడమరకే పారింది. పాండ్ చెప్పింది నిజమే అనుకున్నారు. తర్వాత మంచు కొండలు ఎదురయ్యాయి. అక్కడ నది ఉత్తరానికి తిరిగింది. తిరిగి మళ్లీ పడమరకు మళ్లుతుందని చూశారు. మళ్లలేదు.

జూలై 5న ఒడ్డున స్లేవీ, డాగ్‌రిబ్ జాతుల కుటుంబాలు కనిపించాయి. తెల్లవాళ్లను ఎప్పుడూ చూడనివాళ్లు. భయపడి పారిపోబోతే నెస్టబెక్, యువకులు వాళ్ల భాషలో మాట్లాడి ఆపారు. కత్తులు, పూసలు, పొగాకు ఇచ్చారు. సముద్రం ఎంత దూరమని అడిగితే, చేరడానికి ఎన్నో చలికాలాలు పడుతుందని, తిరిగి వచ్చేసరికి ముసలివాళ్లవుతారని, దారిలో వింత భూతాలున్నాయని వాళ్లు చెప్పారు. మెకంజీ నమ్మలేదు గాని తెడ్లవాళ్లు, వేటగాళ్లు బెదిరారు. నదిలో ముందేముందో తెలిసిన మనిషి ఒకడు కావాలని కెటిల్, గొడ్డలి, కత్తి లాంటివి ఇస్తామని ఒకణ్ని ఒప్పించారు. తీరా ఎక్కే సమయానికి అతడు వెనక్కి తగ్గాడు. వదల్లేదు. అప్పుడతడు తన జుట్టులో కొంత కోసి మూడు పాయలు చేశాడు. ఒకటి భార్య జుట్టుకు, మిగతావి ఇద్దరు పిల్లల జుట్టుకు కట్టి, వాటి మీద ఊది, ఏవో మాటలు చెప్పి పడవెక్కాడు. తిరిగి వస్తానన్న నమ్మకం లేనివాడు చేసే పని అది. కొద్ది రోజులకే రాత్రి పూట తప్పించుకుపోయాడు. అతడికి బదులు మరొకణ్ని బలవంతంగా ఎక్కించుకున్నారు.

గైడ్ అనే మాట వినడానికి బాగుంటుంది. ఇప్పుడు అదే ప్రాంతంలో నహన్నీ లాంటి నదుల మీద డబ్బు కట్టి, చిన్న విమానంలో దిగి, గైడ్లతో పడవ యాత్రలు చేసే యాత్రికులు ఉన్నారు. 1789లో గైడ్ అంటే ఇష్టం లేకపోయినా పడవలో కూర్చోబెట్టిన మనిషి కూడా కావచ్చు. మెకంజీ ఈ సంగతిని దాచకుండా రాసుకున్నాడు. అది ఆయన నిజాయితీ. కానీ జరిగింది జరిగిందే.

నా మట్టుకు నాకు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. మా నాయిన బడి మొహం చూడలేదు. నేను ఆరో తరగతిలో ఉండగా సంతకం పెట్టడం నేర్చుకున్నాడు. కానీ చలివాగు నిండుగా పారేటప్పుడు ఏ రేవులో దాటవచ్చో, ఏ చోట ఇసుక కుంగుతుందో, నీళ్ల రంగు చూసి పైన ఎక్కడ వాన పడిందో చెప్పగలడు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ని నేను. నాకది తెలియదు. ఆ తెలివికి సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు ఏదీ లేదు. నెస్టబెక్ గురించి చదివేటప్పుడు నాకు అదే మనసులో మెదిలింది.

పడవల్లో ఉన్న నలుగురు ఆడవాళ్లు ఏం చేసేవారో దినచర్యలో ఒక చిన్న సంగతి ఉంది. దుప్పి లాంటి మూస్ అనే జంతువు తోలుతో వాళ్లు ఎప్పుడూ చెప్పులు కుడుతూనే ఉండేవారు. ఎందుకంటే ఒక జత ఒక్క రోజు కంటే నిలిచేది కాదు. పదమూడు మందికి వందకు పైగా రోజులు! లెక్క మీరే వేసుకోండి. తోలు పని గురించి మన ఇళ్లల్లో తెలియనిదేముంది. ఆ పని ఆగితే ఆ యాత్ర రెండో రోజే ఆగేది.

జూలై 10న మెకంజీ సూర్యుణ్ని చూసి అక్షాంశం లెక్కగట్టాడు. 67 డిగ్రీలు దాటింది. ఇంక సందేహం లేదు, ఈ నది పసిఫిక్‌కు పోదు, ఉత్తర సముద్రానికే పోతుంది. వచ్చిన పని చెడిపోయిందని అక్కడే తెలిసింది. తిండి తరుగుతోంది. వెంట ఉన్నవాళ్లు తిరిగిపోదామన్నారు. ఇంకో ఏడు రోజులు చూసి, సముద్రం కనిపించకపోతే తిరిగిపోదామని మెకంజీ మాటిచ్చాడు. ఆ రాత్రుల్లోనే ఒకసారి మేలుకుని కూర్చుని, అర్ధరాత్రి కూడా ఆకాశం అంచు దిగని సూర్యుణ్ని చూశాడు. నది వందల పాయలుగా చీలిపోయింది. ఒక దీవి మీద గుడారం వేసుకుంటే రాత్రి నీళ్లు పెరిగి సామాన్ల కిందికి వచ్చాయి. గాలికి అనుకున్నారు మొదట. తర్వాత సముద్రపు పోటు అని తెలిసింది. జూలై 14న నీళ్లలో తెల్లటివి కదులుతుంటే మంచుగడ్డలనుకున్నారు. అవి తిమింగలాలు! బెరడు పడవేసుకుని వాటి వెంట పడ్డారు కూడా. పొగమంచు రావడంతో బతికిపోయారనే చెప్పాలి, ఒక్క తోక దెబ్బకు పడవ ముక్కలయ్యేది. ఆ దీవికి తిమింగలాల దీవి అని పేరు పెట్టుకున్నారు.

జూలై 16న వెనక్కి తిరిగారు. వెళ్లేటప్పుడు నది మోసింది, వచ్చేటప్పుడు నదికి ఎదురు రావాలి. ఒడ్డు వెంట నడుస్తూ మోకుతో పడవలు లాగారు. బేర్ నది కలిసే చోట ఒడ్డు పొగలు కక్కుతూ గంధకం వాసన వచ్చింది. చూస్తే భూమిలోని బొగ్గు పొర తనంతట తానే కాలుతోంది. మన భూపాలపల్లి సింగరేణి గనుల్లో పనిచేసే కుటుంబాల పిల్లలకు ఈ మాట వింతగా ఉండదు. బొగ్గు పొరలో మంట అంటుకుంటే ఏళ్ల తరబడి ఆరదని వాళ్లకు తెలుసు.

ఆగస్టులో నెస్టబెక్‌కూ మెకంజీకీ పెద్ద తగవు వచ్చింది. కొండలకు అవతల పడమరకు పారే నది సంగతి అక్కడివాళ్లు చెప్పినా, నెస్టబెక్ అటు పోవడం ఇష్టం లేక తర్జుమాలో దాచేశాడని మెకంజీ అనుమానం. మొహం మీదే అన్నాడు. నెస్టబెక్ మండిపడ్డాడు. ఇక వెంట రానన్నాడు. అతడూ, అతడి వాళ్లందరూ పెద్దగా ఏడ్చారు, రెండు గంటలపాటు. ఆ సాయంత్రం మెకంజీ అతణ్ని భోజనానికి పిలిచి, సారా పోసి, బుజ్జగించాడు. కన్నీళ్లు కార్చాక యుద్ధానికి పోయి ఆ అవమానం కడుక్కోవడం తమ ఆచారమని నెస్టబెక్ చెప్పాడు. అతడు లేకుండా ఇల్లు చేరడం కష్టమని మెకంజీకి తెలుసు. ఆ తగవులో ఎవరిది న్యాయమో తేల్చడానికి మన దగ్గర ఉన్నది ఒకవైపు రాసిన పుస్తకమే. నెస్టబెక్ వైపు పుస్తకం లేదు.

సెప్టెంబరు 12న మెకంజీ కోటకు చేరాడు. 102 రోజులు, రానూపోనూ దాదాపు 4800 కిలోమీటర్లు. ఒక్క ప్రాణం పోలేదు. అయినా 1790లో కంపెనీ వాటాదారుల సమావేశంలో ఆ యాత్రను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పసిఫిక్ దారి దొరకలేదు కదా! ఆయన ఆ నదికి నిరాశ నది అని పేరు పెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. దినచర్యలో అయితే అలాంటి పేరు లేదు.

ఆ ఏడాదే ఫిలిప్ టర్నర్ అనే సర్వేయరు కలిశాడు. పోటీ కంపెనీ మనిషి, ఖగోళ లెక్కలు బాగా తెలిసినవాడు. ఆయనతో మాట్లాడాక తన చదువు ఎంత తక్కువో మెకంజీకి అర్థమైంది. అక్షాంశం తెలుసుకోవడం సులువు. సూర్యుడి ఎత్తు కొలిస్తే చాలు. రేఖాంశం అలా కాదు. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గంటకు 15 డిగ్రీలు. ఇక్కడ మధ్యాహ్నమైనప్పుడు గ్రీనిచ్‌లో ఎంతయిందో కచ్చితంగా తెలిస్తేనే మనం తూర్పుపడమరల్లో ఎక్కడున్నామో తెలుస్తుంది. దానికి మంచి గడియారం, టెలిస్కోపు, గణితం కావాలి. పీటర్ పాండ్ పటం అంత పడమరకు జరగడానికి కారణం ఇదే.

మెకంజీ అప్పటికే వాటాదారుడు, చేతికింద మనుషులున్నవాడు. చదువు ఎప్పుడో వదిలేసినవాడు. అయినా 1791లో ఓడెక్కి లండన్ వెళ్లాడు. చలికాలమంతా అక్కడ ఉండి ఆ విద్య నేర్చుకున్నాడు. పరికరాలు కొనుక్కుని 1792లో తిరిగి వచ్చాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ చలికాలమే. సముద్రం దాకా పోయి వచ్చిన పేరుతో ఆగిపోవచ్చు, ఆగలేదు. పది తప్పి, పెళ్లయి, మళ్లీ ఓపెన్ స్కూలు ఫీజు కట్టిన మన సీనియర్లు కొందరు నాకు తెలుసు. వాళ్లకు ఈ పేరా.

1793 మే 9న పీస్ నది మీద రెండో యాత్ర. ఈసారి పదిమంది, ఒక కుక్క. మొదటి యాత్రలో తెడ్డు వేసిన లాండ్రీ, డ్యూసెట్ మళ్లీ వచ్చారు. రాతి లోయలు, ఉరవళ్లు, మోతలు. జూన్ 13న ఒక చిన్న నదిలో పడవ రాళ్లకు కొట్టుకుని చితికిపోయింది. తూటాలు నీటిపాలయ్యాయి. జనం ఇక చాలన్నారు. మెకంజీ మంట వేయించి, తిండి పెట్టి, సారా పోసి సర్దిచెప్పాడు. బెరడు, జిగురు వెతికి పడవను అతికారు. మరికొన్ని రోజులకు ఫ్రేజర్ నది ఒడ్డున ఒక ఆదివాసీ బెరడు ముక్క మీద ఆ దేశం పటం గీసి చూపించాడు. ఆ నది వెంట పోతే చావే, వెనక్కి మళ్లి కాలిబాటన పడమరకు నడవండి అన్నాడు. అక్షరం రాని మనిషి గీసిన ఆ పటమే సరైనదైంది. ఆ బాట చేపనూనె మోసుకుని తెగల మధ్య వ్యాపారం చేసే పాత బాట. పడవను దాచిపెట్టి, మూటలెత్తుకుని, ఊరి తర్వాత ఊరివాళ్లు దారి చూపగా రెండు వారాలు నడిచి బెల్లా కూలా లోయ చేరారు. అక్కడి నుహాల్క్ జనం సాల్మన్ చేపలు వండిపెట్టి, తమ పడవల్లో సముద్రం దాకా దించారు.

జూలై 22న సముద్రపు పాయ ఒడ్డున ఒక బండ మీద, ఎర్రరంగును కొవ్వులో కలిపి, తన పేరు, కెనడా నుంచి నేల మీదుగా వచ్చిన సంగతి, తేదీ రాశాడు. అక్కడి కొందరు ఆయుధాలతో చుట్టుముడుతుంటే, వెంట ఉన్నవాళ్లు పోదాం పోదామని తొందర పెడుతుంటే, మెకంజీ గురుగ్రహపు ఉపగ్రహాలను చూసి రేఖాంశం లెక్క పూర్తయ్యేదాకా కదల్లేదు. లండన్ చలికాలం అక్కడ పనికొచ్చింది. మెక్సికోకు ఉత్తరాన ఖండాన్ని అడ్డంగా దాటిన మొదటి యూరోపియన్ అయ్యాడు. కొన్ని వారాల ముందే కెప్టెన్ వాంకూవర్ పడవలు అదే నీళ్ల మీదుగా పోవడం ఒక చిత్రం. దారిలో తప్పిపోయిన కుక్క కూడా తిరుగుదారిలో దొరికింది. ఆగస్టు 24కల్లా అందరూ క్షేమంగా చేరారు.

తర్వాతి జీవితం తొందరగా చెప్పేస్తాను. ఆ చలికాలం కోటలో కూర్చుని దినచర్యను పుస్తకంగా రాయబోతే మనసు కుదరలేదు, రోజుల తరబడి కలం కదల్లేదు. 1801లో లండన్‌లో పుస్తకం వచ్చింది. దానిని చక్కదిద్దడానికి విలియం కూంబ్ అనే రచయిత సాయం చేశాడు. 1802లో సర్ బిరుదు వచ్చింది. ఆ పుస్తకం చదివే అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ లూయిస్, క్లార్క్‌లను 1804లో పడమరకు పంపాడు. మెకంజీ కొంతకాలం కెనడా శాసనసభలో ఉండి, అది రుచించక స్కాట్లాండ్ చేరాడు. 1812లో, 48 ఏళ్ల వయసులో గెడ్డెస్ అనే పద్నాలుగేళ్ల అమ్మాయిని పెళ్లాడాడు. బాల్యవివాహాలు ఒక్క మన దేశపు జాడ్యమే అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ముగ్గురు పిల్లలు. 1820 మార్చి 12న ప్రయాణం మధ్యలో జబ్బుచేసి చనిపోయాడు. అవాక్ అనే ఊళ్లో సమాధి ఉంది.

1825లో జాన్ ఫ్రాంక్లిన్ అదే నది మీద సముద్రందాకా పోయాడు, పటాల మీద మెకంజీ పేరు స్థిరపడింది. వెనకే తోళ్ల కోటలు లేచాయి. 1920లో నది ఒడ్డున నార్మన్ వెల్స్ దగ్గర చమురు పడింది. మరుసటి ఏడే ప్రభుత్వం డెనె జాతులతో ఒప్పందం మీద గుర్తులు పెట్టించుకుంది. 1970లలో నది లోయ పొడవునా గ్యాసు పైపులైను వేస్తామన్నప్పుడు మాత్రం వాళ్లు ఊరుకోలేదు. థామస్ బెర్గర్ అనే జడ్జి విచారణకు వచ్చి, నగరంలో కూర్చోకుండా ఊరూరూ తిరిగి, వేటగాళ్లను, ముసలమ్మలను వాళ్ల భాషల్లోనే మాట్లాడమని విన్నాడు. ఈ నేల మీద ఎక్కడ వేట ఉందో, ఏ వాగు ఎప్పుడు పారుతుందో వాళ్లు చెప్పింది రికార్డుకెక్కింది. పదేళ్లపాటు పైపులైను ఆపాలని 1977లో ఆయన నివేదిక ఇచ్చాడు. ఆ పైపులైను పడలేదు.

మెకంజీ పడవలు సాగిపోయిన దారిలో, లియర్డ్ అనే ఉపనది వచ్చి కలిసే చోట ఇప్పుడు ఒక ఊరుంది. పటంలో దాని పేరు ఫోర్ట్ సింప్సన్. ఊళ్లో డెనె వాళ్లు మాత్రం లీడ్లీ కుయె అంటారు. మన కాళేశ్వరం లాగే, నదులు కలిసే చోటు అని దానికి అర్థం.

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (చరిత్ర)